వదినకు వచ్చిన మార్కులు

నవంబరు 3, సోమవారం

తొంభై ఆరు ఎక్కువైంది. డెబ్బై దగ్గర ఆపాల్సింది.

పొద్దుటి నుంచి ఇదే బుర్రలో తిరుగుతోంది. జరిగింది జరిగినట్టు ఒకసారి కాగితం మీద పెట్టేస్తే వదులుతుందేమో.

మొన్న శుక్రవారం సాయంత్రం అయిదింటితో ఆన్‌లైన్ పరీక్ష గడువు ముగిసింది. మా స్కూల్లో టీచర్లు పద్నాలుగు మంది. కంప్యూటరు పెట్టుకుని పాఠం ఎలా చెప్పాలో రెండు నెలలుగా వాళ్ళకి నేర్పిస్తున్నాను. నా ఉద్యోగమే అది. చివర్న ఈ పరీక్ష అందరూ పాసవ్వాలి. పదమూడు మంది రాసేశారు, వదిన ఒక్కతే మిగిలింది. ఇంట్లో ఈయనకి అక్క, స్కూల్లో ఇరవై రెండేళ్ళుగా పదో తరగతికి లెక్కల మేడమ్, నాకు మాత్రం రెండు చోట్లా వదినే. శుక్రవారం రెండుసార్లు మొదలుపెట్టింది. రెండుసార్లూ సగంలో నెట్ పోయింది. "ఇక నా వల్ల కాదు, నువ్వే కానివ్వు" అని పాస్‌వర్డు చీటీ నా టేబుల్ మీద పెట్టి క్లాసుకి వెళ్ళిపోయింది. మూడింటికి నెట్ వచ్చింది. కానిచ్చాను. యాభై ప్రశ్నలు, ఇరవై ఎనిమిది నిమిషాలు. అనుమానం రాకుండా రెండు తప్పులు కూడా పెట్టాను.

రెండే పెట్టాను. అక్కడే బుద్ధి గడ్డి తింది.

పాసవ్వని వాళ్ళకి జనవరి నుంచి పదో తరగతి ఇవ్వరని ఉత్తర్వు ఉంది. పదో తరగతి లేకపోతే వదిన ఏమవుతుందో నాకు తెలుసు. కాబట్టి నేను చేసింది సాయమే. సాయంత్రం కనబడినప్పుడు "మీరు రెండుసార్లు రాసిన సగాలూ కలిపి లెక్కలోకి తీసుకున్నారు, పాసయ్యారు" అని చెప్పాను. అలా ఎందుకు చెప్పానో తెలియదు.

పద్నాలుగుకి పద్నాలుగు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు.

నవంబరు 5, బుధవారం

పెద్ద మేడమ్ గదికి పిలిచారు. హెడ్ మిస్ట్రెస్‌ని అందరం అలాగే అంటాం. వెళ్ళేసరికి వదిన అప్పటికే ఆవిడ ఎదురుగా కూర్చుని ఉంది. టేబుల్ మీద శిక్షణ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం.

చుట్టుపక్కల ఇరవై స్కూళ్ళలో వదినవే ఎక్కువ మార్కులట. అందుకని ఇరవయ్యో తారీఖున మా హాల్లో అరవై మంది టీచర్ల ముందు నమూనా పాఠం చెప్పాలి. ముందు పిల్లలు, వెనక టీచర్లు, అందరి వెనకా శిక్షణ అధికారి.

వదిన వద్దంటుందని నా ఆశ. ఈ వయసులో నాకెందుకండీ అంటుంది, అంతటితో పీడా పోతుంది అనుకున్నాను. కళ్ళజోడు తీసి రుమాలుతో తుడుచుకుంది. ఉత్తరం చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"యాభై ఏడేళ్ళకి క్లాసులో ఫస్టొచ్చానన్నమాట" అంది.

బయటికొచ్చాక మెట్ల మలుపులో ఆగి నా భుజం మీద చెయ్యి వేసింది. పదిహేడేళ్ళ కాపురంలో వదిన నన్ను అలా ముట్టుకున్నది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అంతా నీ చలవే అంది. క్లాసుకి టైమవుతోంది వదినా అన్నాను.

నవంబరు 6, గురువారం

చెప్పాలి.

ఎప్పుడు? ఇవాళ చెబితే నమూనా పాఠం ఆగిపోతుంది. ఎందుకు ఆగిందని అడుగుతారు. పరీక్ష రద్దవుతుంది, పదో తరగతి పోతుంది, స్టాఫ్‌రూములో ఆవిడ వెనక నవ్వుకుంటారు. రేపు చెప్పినా అంతే. పాఠం అయ్యాక చెబితే? అప్పుడిక చెప్పడం దేనికి?

పద్నాలుగు రోజులుంది. రోజుకి ఒక గంట. ఈ లోపు ఆవిడకి నిజంగా వచ్చేస్తే తొంభై ఆరు అబద్ధం అవదు. కాస్త ముందుగా వచ్చిన మార్కులు అవుతాయి.

ఈ మాట రాసి చాలాసేపు చూశాను. కొట్టెయ్యలేదు.

నవంబరు 7, శుక్రవారం

సరిగ్గా నాలుగింటికి వచ్చింది, నోట్సు పుస్తకంతో సహా. మా కంప్యూటరు ల్యాబు ఒకప్పుడు ఆట సామాన్ల గది. ఇప్పటికీ తోలు బంతుల వాసన పోలేదు. వదిన ముక్కు ఎగబీల్చి, ఇక్కడ చదువు ఎలా ఎక్కుతుందే అంది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది.

త్రిభుజాల మీద నేను తయారుచేసిన బొమ్మ చూపించాను. కోణాలు వాటంతటవే కదులుతాయి, రంగులు మారతాయి. వదిన మర్యాదగా చూసింది. తర్వాత తను చేస్తానంది. బాణం గుర్తు తెర అంచున ఎక్కడో తప్పిపోయింది. వెతుక్కుంటోంది. నాకు ఆగలేదు, ఇలా ఇవ్వండి అని మౌస్ తీసుకుని చేసేశాను.

అలా నాలుగుసార్లు జరిగింది. అయిదోసారి వదిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నువ్వే చెప్పరాదూ ఆ పాఠం. నేను పక్కన బొమ్మలా నిలబడతాను" అంది, నవ్వుతూనే.

నేను అందరి దగ్గరా ఇంతే. పద్నాలుగు మందికి నేర్పించానంటాను కానీ, సగం మంది చేతుల్లోంచి లాక్కుని నేనే చేసిపెట్టి ఉంటాను. శిక్షణ ఇచ్చినట్టు రిజిస్టరులో ఉంది. సంతకాలూ ఉన్నాయి.

నవంబరు 10, సోమవారం

త్రిభుజాల బొమ్మ వద్దంది వదిన.

ఆవిడ క్లాసులో ఒక పద్ధతి ఉంది. లెక్క తప్పితే చెరపకూడదు. ఒక గీత పెట్టి కొట్టేసి కింద మళ్ళీ చెయ్యాలి. రబ్బరు కనబడితే టేబుల్ సొరుగులోకి పోతుంది. బుర్ర ఎక్కడ దారి తప్పిందో తెలియకపోతే నేను దిద్దేదేమిటి అంటుంది. పిల్లల ట్యాబుల్లో వెనక్కి నొక్కితే తప్పు మాయమైపోవడం చూసి పది నిమిషాలు గొణిగింది. తప్పు చేసిన ఆనవాలే ఉండదా దీంట్లో అని.

దీంట్లో ప్రతిదానికీ ఆనవాలు ఉంటుంది వదినా, అని మాత్రం అనలేదు.

కాసేపాగి తనే అడిగింది. పిల్ల కాగితం మీదే చేస్తుంది. ఆ కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసి తెర మీద అంత పెద్దగా వేస్తే? పేరు కనబడకుండా? ఎక్కడ తప్పిందో క్లాసంతా వెతుకుతారు కదా? వేయొచ్చు అన్నాను. మరి రెండు నెలల నుంచి ఈ మాట చెప్పవేం అంది. నిజమే. రెండు నెలలు నేను రంగులు మారే కోణాలే చూపించాను. ఆవిడకి ఏం కావాలో అడగాలని నాకు తోచలేదు.

నవంబరు 11, మంగళవారం

నిన్న సేవ్ చేసిన ఫైలు ఎక్కడుందో ఇవాళ తనంతట తానే వెతుక్కుని తీసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంకా తొమ్మిది రోజులుంది.

నవంబరు 13, గురువారం

టీ తాగుతూ ఈయన నవ్వుతున్నారు. అక్క ఫోన్ చేసి ఫొటో ఎలా తీసి ఎలా పంపాలో ఈయనకే పాఠం చెప్పిందట. "రిమోటులో బ్యాటరీ మార్చడానికి నన్ను పిలిచే మనిషికి తొంభై ఆరు ఎలా వచ్చాయోయ్? నువ్వేమైనా మంత్రం వేశావా?" అన్నారు.

మీ అక్క అంటే మీకు ఎప్పుడూ వెటకారమే అని కసిరి లేచిపోయాను. ఆయన కప్పు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయారు. పాపం, ఆయన అన్నదాంట్లో వెటకారం ఏముంది? గర్వపడుతున్నారు. ఇంటిల్లిపాదీ గర్వపడుతున్నారు. ఒక్క నాకే అన్నం సయించడం లేదు.

నవంబరు 14, శుక్రవారం

ఇవాళ వదినకి తన ఖాతా తానే తెరవడం వచ్చేసింది. పాస్‌వర్డు చీటీ అక్కర్లేదు, గుర్తుపెట్టుకుంది. లోపల ఏమేముంటాయో చూపించాను. ఇవి పాఠాలు, ఇవి మీరు చేసిన అభ్యాసాలు, ఇటు నొక్కితే మీ వివరాలన్నీ వస్తాయి. ఇక మీకు నా అవసరం లేదు అన్నాను. అంటున్నప్పుడు సంతోషంగానే ఉంది.

ఎందుకు చూపించాను?

నవంబరు 17, సోమవారం

లంచ్ గంట కొట్టగానే వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది. నోట్సు పుస్తకంలోంచి చింపిన కాగితం నా ముందు పెట్టింది. పిల్లల పేపర్ల మీద మార్కులు వేసే గుండ్రటి అంకెలతో ఇలా ఉంది: అక్టోబరు 31. మొదలు 3.12. ముగింపు 3.40. మార్కులు 96.

"వివరాలన్నీ ఉంటాయన్నావు కదా, చూద్దామని తీశాను. ఆ టైముకి నేను పదో తరగతిలో ఉన్నాను. పేపర్లు పంచుతున్నాను" అంది.

సగాలు కలిశాయని మళ్ళీ అదే మొదలుపెట్టాను. నెట్ వచ్చాక పాత జవాబులన్నీ ఒక్కసారిగా ఎక్కి ఉంటాయి, అందుకే ఆ టైము చూపిస్తోంది అన్నాను. ఆవిడ మధ్యలో అడ్డం రాలేదు. చివరిదాకా చెప్పనిచ్చింది. అబద్ధం చెబుతున్న పిల్లల్ని కూడా ఇలాగే చెప్పనిస్తుంది.

"అయిందా?" అంది. "యాభైలో రెండు తప్పులున్నాయి. అవి కూడా నువ్వే ఎంచి పెట్టావా?"

అవునన్నాను.

"ఎందుకు చేశావే?"

"మీ నుంచి పదో తరగతి తీసేస్తారని భయమేసింది వదినా."

"ఎందుకు తీసేస్తారు?"

"పాసవ్వకపోతే..."

"పాసవ్వనని నీకెవరు చెప్పారు?"

ఆవిడ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "నాలుగింటికి వచ్చి రాస్తానన్నాను. ముప్పావు గంట ఆగలేకపోయావు. నేను ఫెయిలవుతానని నా కంటే ముందు నువ్వే రాసేసుకున్నావు" అంది. గొంతు పెంచలేదు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి, తమ్ముడికి తను చెప్పనని, చెప్పడం చెప్పకపోవడం నా ఇష్టమని అంది.

మూడో తారీఖున పైన రాసింది దిద్దాలి. "ఇక నా వల్ల కాదు, నువ్వే కానివ్వు" అని వదిన అనలేదు. "ఇది సంచిలో పెడితే పోతుంది, ఇక్కడ ఉంచుతున్నాను, నాలుగింటికి వచ్చి రాస్తాను" అంది. గడువు అయిదింటి దాకా ఉంది. నేను నా డైరీకి కూడా అబద్ధం చెప్పాను. ఎవరు చదువుతారని?

నవంబరు 18, మంగళవారం

పొద్దున్నే పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. సగం విని చెయ్యెత్తి ఆపేశారు. పద్నాలుగుకి పద్నాలుగు అని పై ఆఫీసుకి పంపేశానమ్మా, ఇప్పుడు కాదు పదమూడే అని రాయమంటావా అన్నారు. తర్వాత సంతకాల పుస్తకం ముందుకు లాక్కుని, "నువ్విప్పుడు ఈ గదిలోకి రాలేదు, నేనేమీ వినలేదు. గురువారం దాటనివ్వు" అన్నారు.

వరండాలోకి వచ్చాక నాకు కలిగింది సిగ్గు అని రాయాలని ఉంది. ముందు కలిగింది మాత్రం ఊరటే. చెప్పాను కదా, ఇక ఆవిడ బాధ్యత అని.

ఇంట్లో ఈయనకీ చెప్పాను. అక్క ఏమంది అని అడిగారు. గొంతు కూడా పెంచలేదన్నాను. తిట్టలేదా అన్నారు. లేదన్నాను. "అయితే చాలా కోపం వచ్చిందన్నమాట" అన్నారు.

నవంబరు 19, బుధవారం

నాలుగింటికి రాలేదు. నాలుగున్నర దాకా కూర్చున్నాను.

నవంబరు 20, గురువారం

సాయంత్రం ఆరు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. వరసగా రాస్తాను.

హాల్లో ముందు మూడు వరసల్లో పిల్లలు, వెనక అరవై మంది టీచర్లు, చివర్న పెద్ద కుర్చీలో శిక్షణ అధికారి. ఆవిడకి నా వయసే ఉంటుంది, ఫైలు ఒళ్ళో పెట్టుకుని చాలా నిటారుగా కూర్చుంటారు. నేను ప్రొజెక్టరు తీగల పెట్టె పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. వదిన నావైపు చూడకుండా నా పక్కనుంచే నడిచి వెళ్ళింది. ఆవిడ వద్దంటుందేమో, జ్వరమని కబురు పంపుతుందేమో అని పొద్దున్న దాకా ఎదురుచూశాను. వదిన గురించి నాకు ఏమీ తెలియదు.

మైకు వద్దంది. క్లాసులో మాట్లాడే గొంతుతోనే మొదలుపెట్టింది.

"ముందు ఒక మాట. నాకు తొంభై ఆరు వచ్చాయని ఇక్కడ నిలబెట్టారు. ఆ పరీక్ష నేను రాయలేదు. నాకు కంప్యూటరు ఎంత వచ్చో అంతే వచ్చు, ఒక పాఠం చెప్పేంత. అది చూస్తారా, దిగి పొమ్మంటారా, మీ ఇష్టం."

అధికారి ఫైలు మూశారు. పెద్ద మేడమ్ నేల చూపులు చూస్తున్నారు. ఎవరు రాశారో వదిన చెప్పలేదు. మా స్కూలు వాళ్ళ తలలు ఒక్కొక్కటే నావైపు తిరిగాయి.

పొమ్మన్నవాళ్ళు లేరు కాబట్టి పాఠం మొదలైంది. ఒక పిల్ల చేసిన లెక్కని ఫొటో తీసి తెర మీద వేసింది. బొమ్మ పక్కకి వాలిపోయి పడింది, అక్షరాలన్నీ పడుకున్నాయి. నాకు తెలుసు ఆ గుర్తు ఎక్కడుందో, ఒక్క నొక్కు. రెండడుగులు ముందుకు వేసేశాను కూడా. వదిన తెర కేసి చూసి, పిల్లల కేసి చూసి, "సరే, దాన్ని నిలబెట్టేదాకా మీరే తలలు పక్కకి వంచండి" అంది. పిల్లలు వంచారు. వెనక అరవై మంది పెద్దవాళ్ళూ వంచారు, అధికారితో సహా. హాలంతా నవ్వు. ఆ నవ్వులో తాపీగా వెతుక్కుని తిప్పేసింది. నేను వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకున్నాను.

తర్వాత ముప్పావు గంట హాల్లో ఇంకో ధ్యాస లేదు. లెక్కలో మూడో మెట్టు దాకా సరిగ్గానే ఉందన్నాడొకడు, కాదు రెండో మెట్టులోనే గుర్తు మారిందంది ఇంకో పిల్ల. చివరికి ఆ లెక్క చేసిన పిల్లే లేచి, అది నాదే మేడమ్, నాకు తెలిసిపోయింది అంది.

పాఠం అయ్యాక చప్పట్లు కొట్టాలా వద్దా అని అందరూ అధికారిని చూశారు. ఆవిడ లేచి, పాఠం బాగుంది, కానీ మోసం మోసమే అన్నారు. ఈ హాల్లో ఇలా ఇంకొకరితో రాయించుకున్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని, ఉండరన్న ధీమాతోనే అడిగారు.

మా డ్రిల్లు మాస్టారు చెయ్యెత్తారు. రిటైరవడానికి ఏడాది లేదు. "నాది మా కోడలు రాసిందండీ. ఎనభై రెండు. నేను రాస్తే అందులో సగం కూడా వచ్చేవి కావు" అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. వేరే స్కూలు సైన్సు మేడమ్ చెయ్యెత్తింది. తర్వాత ఒక వరస మొత్తం. ముప్పై నాలుగు దాకా లెక్కపెట్టి ఆపేశాను. అధికారి మాత్రం ఫైలు వెనక వైపు ఒక్కొక్కటీ రాసుకుంటున్నారు.

అప్పుడు నేనన్నాను, మా లెక్కల మేడమ్‌ది నేనే రాశాను, ఆవిడకి చెప్పకుండా, అని.

ముప్పై నాలుగు చేతులు లేచాక అన్నాను. దాన్ని ధైర్యం అనరు. వదిన చాక్‌పీసు దుమ్ము దులుపుకుంటోంది. నా మాట విందో లేదో కూడా తెలియలేదు.

నవంబరు 24, సోమవారం

ఉత్తర్వు వచ్చింది. పాత మార్కులన్నీ రద్దు. శుక్రవారం ఎవరి స్కూల్లో వాళ్ళు మళ్ళీ రాయాలి. బయటి నుంచి ఒకరు పర్యవేక్షణకి వస్తారు. శిక్షణ ఇచ్చినవాళ్ళు గదిలో ఉండకూడదు. పాసవ్వాలంటే అరవై. తప్పినవాళ్ళకి డిసెంబరు పందొమ్మిదిన ఇంకొక్క అవకాశం. అదీ పోతే పదో తరగతి పోతుంది.

కింద నాకు విడిగా ఒక కాగితం. "ఒక ఉపాధ్యాయురాలి తరఫున పరీక్ష ఎందుకు రాశారో వారంలోగా సంజాయిషీ ఇవ్వవలెను." అది చూశాక నన్ను ఉంచేదీ పంపేదీ చెబుతారట.

నవంబరు 26, బుధవారం

వదిన నాతో మాట్లాడి తొమ్మిది రోజులైంది. ఏదైనా కావాలంటే పక్కనున్నవాళ్ళతో, "ల్యాబు మేడమ్‌ని అడగండి, ప్రింటరులో కాగితాలున్నాయా అని" అంటుంది. నేను రెండు గజాల దూరంలోనే ఉంటాను. ఉన్నాయని నేను వాళ్ళకే చెబుతాను.

డ్రిల్లు మాస్టారూ తనూ స్టాఫ్‌రూము మూల కుర్చీల్లో కూర్చుని చదువుకుంటున్నారు. మధ్యలో ఒకే ఒక్క ట్యాబు. వదిన ప్రశ్న వేస్తుంది, ఆయన నెత్తి గోక్కుంటారు. మీ వదిన దగ్గర చదువుకోవడం కంటే మైదానం చుట్టూ పాతిక చుట్లు తిరగడం సుఖం మేడమ్ అన్నారు నాతో. నవ్వాను.

వాళ్ళకి మూడో పాఠంలో ఒకటి తప్పుగా అర్థమైంది. వింటూనే ఉన్నాను. వెళ్ళి చెబితే వదిన లేచిపోతుందేమో. చెప్పకపోతే శుక్రవారం ఆ ప్రశ్న తప్పుతుంది. కాగితం మీద రాసి డ్రిల్లు మాస్టారి చేతికిద్దామా? అదీ ఆవిడని అడగకుండా సాయం చేయడమే అవుతుందా? తేల్చుకునేలోపు గంట కొట్టేశారు.

నవంబరు 28, శుక్రవారం

పదింటి నుంచి ల్యాబు బయట స్టూలు మీద కూర్చున్నాను. కూర్చోమని ఎవరూ చెప్పలేదు. తలుపుకి పైన జానెడు అద్దం ఉంది. నిలబడితే వదిన వీపు, తెర మూల కనబడతాయి. మూడుసార్లు నిలబడ్డాను. ఒకసారి తెర చాలాసేపు మారలేదు. నెట్ పోయిందా, ఆవిడకి తోచడం లేదా? తర్వాత మారింది.

ఒక్కొక్కరే బయటికొచ్చారు. డ్రిల్లు మాస్టారు అరవై నాలుగు అని వరండా చివరి దాకా వినబడేలా చెప్పుకుంటూ వెళ్ళారు. వదిన అందరికంటే చివర వచ్చింది. స్టూలు దగ్గర ఆగింది. నేను లేచాను.

"యాభై ఎనిమిది. ఒక్క ప్రశ్న తక్కువైంది" అంది.

మూడో పాఠంలోదేనా అని నోటిదాకా వచ్చింది. అడగలేదు.

"నేను ఫెయిలవుతానని నువ్వు అనుకున్నావు, అయ్యాను. అయినా నీ మీద కోపం తగ్గలేదు. ఆ రోజు నాలుగింటికే రాయనిచ్చి ఉంటే ఈపాటికి రెండోసారి రాసేదాన్ని." కళ్ళజోడు పైకి తోసుకుంది. "సోమవారం నాలుగింటికి ఉంటావా? ఉద్యోగం ఉంటుందా అప్పటికి?"

సోమవారానికి ఉంటుందన్నాను. అయితే వస్తాను, డ్రిల్లు మాస్టారిని కూడా తీసుకొస్తాను, పాసయ్యారు గానీ ఆయనకేమీ రాదు అంది. సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

ఇంకొకటి రాయాలి. రాయడానికి ఇష్టం లేదు. యాభై ఎనిమిది అనగానే నాలో ఏదో తేలికపడింది. ఆవిడ నా సాయం లేకుండా పాసైపోతుందేమోనని నాలుగు రోజులుగా భయపడుతున్నాను. పరీక్ష గురించిన భయం అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు.

డిసెంబరు 1, సోమవారం

సంజాయిషీకి ఇవాళే గడువు. నాలుగుసార్లు రాశాను. మొదటిదాంట్లో నెట్ సరిగా లేదని రాశాను. రెండోదాంట్లో ఉత్తర్వు టీచర్లకి అన్యాయమని, ఇరవై రెండేళ్ళ అనుభవాన్ని యాభై ప్రశ్నలతో కొలవడమేమిటని రాశాను. అది నిజమే, కానీ వాళ్ళడిగింది అది కాదు. మూడోదాంట్లో ఆవిడ మా ఆడపడుచు, కుటుంబ మమకారం అని ఉంది. చదువుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. వెంటనే చింపేశాను.

నాలుగోది రెండు వాక్యాలు.

"లెక్కల ఉపాధ్యాయురాలు ఆ పరీక్ష పాస్ కాలేరని నేను ముందే తీర్మానించుకున్నాను. ఆమెకు రెండు నెలలు నేర్పించినది నేనే."

పెద్ద మేడమ్ నిలబడే చదివారు. ఇలా రాస్తే ఉంచుతారా అమ్మా, ఆ రెండో వాక్యం తీసెయ్యి అన్నారు. ఉండనివ్వండి అన్నాను. ఆవిడ కవరు అంటించారు.

నాలుగు కావస్తోంది. కిటికీ పక్కన రెండు కుర్చీలు వేశాను. మూడో పాఠం తీసి పెట్టాను, మళ్ళీ మూసేశాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో వాళ్ళనే అడుగుతాను.